శ్రుతికి ముందు

ఏప్రిల్ రెండోవారం. థండర్ బేలో సరస్సు మీద మంచు
ఇంకా పూర్తిగా విడలేదు.
కంప్యూటర్ మూత విప్పి వాక్యూమ్ గొట్టం పెట్టాను.
ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి ఊడొచ్చింది
పిల్లి బొచ్చు, ఉండగా చుట్టుకుని.
ఆ పిల్లిని పాతిపెట్టి పదినెలలు.

కొత్త పన్నుల సాఫ్ట్‌వేర్ దిగనంటోంది.
జాగా లేదట.
మూడు గదుల ఇంట్లో ఒంటరిదాన్ని,
నా దగ్గర జాగా లేకపోవడమేమిటి?

పక్కింటి ఓస్మో ఫోన్లో ఓపిగ్గా చెప్పాడు:
ముందు ఉన్నదంతా ఇంకో డిస్కులోకి ఎత్తిపెట్టు,
పాస్‌వర్డు మార్చు, మళ్లీ పియానో అని పెట్టకు,
పన్నులాఫీసు పేరు చెప్పుకొచ్చే ఉత్తరాల్లో దేన్నీ నొక్కకు,
తర్వాత చూడు, జాగా ఎవరు మేస్తున్నారో.
ఇంకో డిస్కు నాకు లేదని చెప్పలేదు.

మేస్తున్నవి పియానోలే.

పందొమ్మిదేళ్లుగా ఏ ఇంటికి వెళ్లినా
పనిముట్ల సంచి విప్పకముందే రికార్డర్ పెట్టి
ఎడమ చివర నుంచి కుడి చివరకి
ఎనభై ఎనిమిది మెట్లూ ఒకసారి నొక్కుతాను.
రేపెవరైనా "ముందే బాగుండేది" అంటే
సాక్ష్యం ఉండాలని మొదలుపెట్టాను.
ఎవరూ అనలేదు. నేనూ మానలేదు.
ఊరి అపశ్రుతి మొత్తం నా బల్ల కింద ఉంది:
చర్చి నేలమాళిగది, తేమకి ఉబ్బి, నడిమి స్థాయిలో దగ్గు.
హాక్కరైనెన్ గారిది, మంద్రంలో రెండు తీగెలకి మాటల్లేవు.
మిల్లు కార్మికుల క్లబ్బుది. దానిమీద ఎంత బీరు ఒలికిందో.
ఒక్కొక్కటీ చివరిసారి విని
చెత్తబుట్టలోకి తోశాను.

మధ్యాహ్నం షూ డబ్బా దింపి రసీదులు స్కాన్ చేశాను.
పెట్రోలు, ఫెల్టు, ఉక్కు తీగ, మంచు టైర్లు.
కొన్నిటి మీద అంకెలు వెలిసిపోయి
కిటికీ అద్దానికి ఆనిస్తే గానీ కనబడలేదు.
కారు తిరిగిన దూరాల పుస్తకంలో
పోయినేడు ఫిబ్రవరి మొత్తం తెల్లగా ఉంది.
కాకి లెక్క వేస్తే ఊరుకోరు.
ఆ నెలంతా నేనెక్కడున్నాను?

చెత్తబుట్టకి తెలుసు.
చేతులు పెట్టి తోడాను, తేదీ వెంబడి తేదీ.
ఫిబ్రవరి పంతొమ్మిది, నిపిగన్.
ఎనభై ఎనిమిదిలో యాభై ఒకటే పలికాయి.
మిగతావి ఉత్త చెక్క.
చివర్న ఎవరిదో మగ గొంతు: ఎంతివ్వాలి?
నా గొంతు: దీనికి నేను చేసేదేం లేదు. కాఫీ ఇవ్వండి చాలు.
తర్వాత చాలాసేపు చెంచా కలుపుతున్న చప్పుడు.
రికార్డర్ ఆపడం మర్చిపోయినట్టున్నాను.

రానూ పోనూ రెండొందల ఇరవై కిలోమీటర్లు. రాశాను.
రాబడి సున్నా. అదీ రాశాను.

తోడినవన్నీ వెనక్కి చేరాక
జాగా లేదని మళ్లీ అంది కంప్యూటర్.
పిల్లి ఫోటోలున్న ఫోల్డర్ చూపించింది, తీసేయమంటావా అని.
వినబడనట్టు లేచి కోటు తొడుక్కున్నాను.
కొట్టు ఆరింటిదాకా ఉంటుంది.
డిస్కు కొని, ఈసారైనా
రసీదు అడిగి తీసుకోవాలి.