అంట

హువామంగాలో ఆ గది ఒకప్పటి బడి.
నల్లబల్ల మీద సగం చెరిపిన గుణకారం.
ప్రశ్నలడిగే లాయరు, టైపు కొట్టే కుర్రాడు,
మధ్యలో నేను,
ఈ చెవిలో కెచువా పోయించుకుని
ఆ నోట స్పానిష్ ఒంపే గరాటుని.

యూస్తాకియా కోరావా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.
వయసు? రాసుకోండి, ముప్ఫై దాటింది.
ఊరు? చెప్పింది.
ఇప్పుడక్కడ ఊరు లేదు, బార్లీ ఉంది.

"ఆ రాత్రి సైనికులు వచ్చారంట.
కుక్క ఒక్కసారే అరిచిందంట.
నేను పొయ్యి వెనక దాక్కున్నానంట."

గరాటులో ఏదో అడ్డం పడింది.

మా భాషలో కళ్ళారా చూసిన దానికి ఒక తోక,
చెవిన పడ్డ దానికి మరో తోక.
నిద్రలో చేసింది, తాగి చేసింది,
పాలు తాగే వయసులో మనకు జరిగింది
ఈ రెండో తోకతోనే చెప్పుకుంటాం.
ఆమెకు ఆ రాత్రి పదమూడేళ్ళు.
చుక్క తాగలేదు, కునుకు తియ్యలేదు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"
"చెప్పడానికి ఎవరు మిగిలారు?"
"మరి ఈ అంట ఏమిటి?"
లెక్క రాని పిల్లాణ్ణి చూసినట్టు చూసింది నన్ను.
"అప్పుడు నేనక్కడ లేను కదా.
పొయ్యి వెనక ఉన్నాను."

ముందు ఏం జరిగిందో అడగండి, అన్నాడు లాయరు.
ముందు. పాపం మంచి మాట.
గడిచిపోయిందీ ముందే, కళ్ళెదుట నిలబడిందీ ముందే.
అలాగే అడిగాను.
ఆమె నిజంగానే ముందుకు చూసింది,
బల్ల కాలి దగ్గర నేల వైపు, చాలాసేపు.

"కుండలో పదకొండు దుంపలు."
ఇది మాత్రం అంట లేకుండా వచ్చింది.
"ఏడు తెల్లవి, నాలుగు ఊదావి. ఒకటి చిట్లింది.
మా అమ్మ పావడా అంచు కుట్టు ఊడి ఎర్రదారం వేలాడుతోంది.
పొయ్యి కింద గినీపందులు కీచుమంటున్నాయి.
తర్వాత మానేశాయి."

తమ్ముడు తెయోదోసియో?
"వాడి చెవి ఉంది.
ఎడమ చెవి. నా గడ్డం కింద వెచ్చగా.
ఆ చెవి దాటి మొహం దాకా పోలేను, అయ్యా.
చాలాసార్లు బయల్దేరాను."

దుంపలు లెక్కపెట్టిన మనిషికి
తలుపు విరగ్గొట్టింది ఎవరో తెలియదా,
అన్నాడు లాయరు, పెన్ను మూత కొరుకుతూ.
ఆ ప్రశ్నను నేను అటు దాటించలేదు.

స్పానిష్‌లో అంటకు చోటు లేదు.
'చెబుతారు' అంటే ఎవరో చెప్పినట్టు,
'అనుకుంటా' అంటే ఆమె బొంకినట్టు.
తోక కోసేశాను.
దాక్కున్నాను, అన్నాను.
దాక్కున్నాను, అని కొట్టాడు కుర్రాడు.
ఆ కాగితాల్లో అబద్ధం అదొక్కటే, అది నాది.

వేలిముద్ర వేస్తుండగా
వీధిలో సిమెంటు లారీ గేరు మార్చింది.
కుడి బొటనవేలు సిరాలో ఉంది.
ఎడమ చెయ్యి లేచింది, ఎవరినీ అడక్కుండా.
తన నోటి మీదికి కాదు.
ఒడికి జానెడు పైన, గాలిలో,
నాలుగేళ్ళ పిల్లాడి నోరు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ
గట్టిగా మూసుకుంది.
లారీ మలుపు తిరిగేదాకా అలాగే అదిమి పట్టింది.
కణుపులు తెల్లబడ్డాయి.
మొహం మాత్రం
బస్సు కోసం నిలబడ్డ మనిషి మొహం.

టోపీ కింద పడింది.
"ఏమయిందమ్మా?"
"ఎక్కడ?" అంది, వంగి తీసుకుంటూ.

చెయ్యి గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.
లాయరు ఫైలుకు తాడు కట్టాడు.
కుర్రాడు కిటికీ తెరిచి వేళ్ళు విరుచుకున్నాడు.

ఇంట్లో నా భార్య అడిగింది, ఇవాళ ఎవరొచ్చారని.
"ఒకావిడ వచ్చిందంట," అన్నాను.
తను గరిటె ఆపి నా వైపు తిరిగింది.
పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి.
లెక్కపెట్టలేదు.