అంకెలు ఆగేదాకా

చిత్తూరు దాటి బంగారుపాళ్యం పొయ్యే దారిలో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన నా కాటా.
అరవై టన్నుల దాకా మోస్తుంది.
మాట పడమంటే మాత్రం
అది పడదు, నేనే పడాల.

పని నేర్పిన ఎత్తిరాజులన్న
మొదటిరోజే చెప్పినాడు:
లారీ ఎక్కీ ఎక్కంగానే బటన్ మీద చెయ్యెయ్యొద్దు.
ఇంజను ఆగాల, డ్రైవరు దిగాల,
బండి ఊగులాట తీరాల.
అంకెలు పరిగెత్తేటప్పుడు చీటీ కొడితే
అది తూకం కాదురా, తొందర.

ఇంకోటి, బీడీ ఆర్పేసి చెప్పినాడు:
పొద్దున్నే రాంగానే ఖాళీ కాటా చూసుకో,
సున్నా ఉందో లేదో.

ఇరవై ఏండ్లు కాటాకు ఇవి తప్పలేదు.
నాకే తప్పినాయి.

జూన్ నెల. తోతాపురి ధర పాతాళంలో.
ట్రాక్టర్లు పెట్రోలు బంకు దాకా బారు కట్టినాయి.
ఈగలు, పులిసిన రసం వాసన,
టైర్ల నీడన తువ్వాళ్ళు పరుచుకోని నిద్రబొయ్యే మనుషులు.
టన్నుకు ముప్పై కిలోలు తగ్గించి కొట్టమని
ఓనరు ఫోను.
కొట్టినా.

పెనుమూరు చెంగల్రాయులు
రెండు రాత్రుళ్ళు బారులో ఉన్న మనిషి,
చీటీని వెలుతురుకు పట్టి చదివినాడు.
"నీ బిడ్డకు అన్నం గూడా
ఈ కాటాతోనే తూస్తావా అబ్బా?"

నా లోపల అంకెలు గిర్రున తిరిగినాయి.
ఆగనియ్యలేదు. కొట్టేసినా.
"నచ్చకుంటే ఏట్లో పారబోసుకో, పో!"

ఆయన మారు పలకలేదు.
చీటీని నాలుగు మడతలు పెట్టి
జోబులో ఎండిన తమలపాకు పక్కన దోపుకోని
ట్రాక్టరెక్కినాడు.
తిట్టింటే బాగుండు.

రాత్రి ఇంట్లో
లిఖిత మజ్జిగ గలాసు తన్నేసింది.
కప్పు ఎగిరిపొయ్యేట్టు అరిచినా.
బిడ్డ తుడిచే గుడ్డ కోసం పరిగెత్తింది, ఏడవను గూడా మరిచిపోయి.
వసంత మెల్లగా అనింది:
"ఎక్కడో ఎత్తుకున్న లోడు
ఈడ దించుతా ఉండావే."

తెల్లవార్లూ వాన.
పొద్దున పోయి చూస్తే
కాటా మీద ఏ బండీ లేదు,
డబ్బాలో మాత్రం నలభై కిలోలు.

బురద ఊడ్చినా. ఇరవై.
నీళ్ళు తోసేసినా. ఇరవయ్యే.
టార్చి పట్టుకోని గుంతలోకి దిగి
మోకాళ్ళ మీద పాకతా వెతికితే
ఇనప పలకకూ గోడకూ సందులో
ఒక మామిడి టెంక.
ఎప్పుడు పడిందో, ఎవరు తినేసిందో,
తెల్లటి మొలక గూడా తొంగి చూస్తా ఉండాది.
అరవై టన్నుల దాన్ని
పిడికెడు లేని టెంక పట్టి నిలిపింది!

కడ్డీతో పెరికినా.
సున్నా.

గుంతలోనే కాసేపు కూచున్నా.
నా మీదా ఏ బండీ లేదు.
అయినా నిన్నటి నుంచి నలభై చూపిస్తానే ఉన్నా.
లోపలికి దిగను నాకు మెట్లు యాడుండాయో
ఇంతవరకు వెతికిందే లేదు.

తొమ్మిదికి ఓనరు ఫోను.
ఊపిరి ఆడేదాకా ఊరకుండి
అప్పుడు చెప్పినా:
"తరుగు తియ్యాలంటే చీటీలో తరుగని రాస్తా సార్.
తూకంలో కలపను."
అటుపక్క చానాసేపు ఏమీ లేదు.
"చూద్దాంలే" అని పెట్టేసినాడు.
ఆ చూద్దాంలే బరువెంతో
ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం లిఖితకు మజ్జిగ నేనే పోసిచ్చినా.
గలాసు నిండా పొయ్యలేదు. భయం నాకు.
తప్పైందని అనను నోరు రాలేదు,
"ఉప్పు సరిపోయిందా?" అన్నా.
తలూపింది.

నాలుగో రోజు చెంగల్రాయులు మళ్ళీ వచ్చినాడు.
ఆయనా నేనూ కండ్లు కలుపుకోలేదు.
ట్రాక్టరు ఎక్కింది, ఇంజను ఆగింది.
డబ్బాను కిటికీ వైపుకు తిప్పినా.
ఆయన గడప దగ్గర, నేను కుర్చీలో,
ఇద్దరం ఆ ఎర్ర అంకెలనే చూస్తా
అవి నిలిచేదాకా నిలబడినాం.