మూడో గేరు

ఏం బండి అని ఎవలన్న అడిగితె
ఎకో అంట, తెల్లది, పాతది.
ఇంక అడగరు.
మస్కట్‌ల గసొంటియి
చక్కెర డబ్బల చీమలున్నట్టు ఉంటయి.

లాండ్రీ బండి.
వెనుక సీటు పీకేసి ఇనుప కడ్డీ బిగిచ్చినం,
దానికి ఇస్త్రీ దిశ్‌దాషాలు యాలాడ్తయి,
తలకాయలు లేని పెద్దమనుషులు
ఇరవై రెండు మంది.
డాష్‌బోర్డు ఎండకు పగిలిన కాడల్ల
కుంజుమోన్ బట్టల లేబుల్లు అంటిచ్చిండు:
"అల్ ఖువైర్, పద్నాలుగు, గంజి వద్దు."
పక్క కిటికి సగం దిగి ఆగిపోయింది.
ఎక్కదు, దిగదు,
అలిగిన వియ్యంకుని లెక్క.

మొదటి నెల దాన్ని తిట్టని రోజు లేదు.
కోరుట్లల ఆటో నడిపినోన్ని,
పెద్ద బండి తోల్త అని
వాడకట్టు మొత్తం చెప్పి ఇమానం ఎక్కినోన్ని.
నాకు ఇదా?

ఒకనాడు బౌషర్ నుంచి అమెరాత్‌కు
కొండ మీదికెళ్లి పోవాల్సొచ్చింది.
ఎక్కదేమో అని ఏసీ బంద్ జేసిన.
రెండో గేరుల మూల్గింది.
మూడోది ఏసిన.

ఏమయిందో ఇప్పటికి సుత సరిగ్గ చెప్పరాదు.
స్టీరింగు చేతుల బతికింది.
ముద్ద కలిపేటప్పుడే
పలుకున్నదని వేలికి తెలిసినట్టు
మలుపు రాకముందే మలుపు బరువు
అరచేతికి తెలిసింది.
చిన్న టైర్లు, పల్చటి రేకు,
ఇంజనుకున్న బలం గింతంతే.
గా గింతంత దాంట్ల
ఒక్క చుక్క పారబోయకుండ
మొత్తం వాడుకుంటున్నం, అదీ నేనూ.
ముల్లు యాభై దాటలే.
నాకు మాత్రం నవ్వు ఆగలే.
వెనుక ఇరవై రెండు మంది పెద్దమనుషులు
ఎడమకు ఒరిగిండ్రు, కుడికి ఒరిగిండ్రు,
పంచాయితీల అందరిదీ ఒకటే మాట అయినట్టు.

సేటు ల్యాండ్ క్రూజర్ గూడ తోలిన, రెండు సార్లు.
దాంట్ల రోడ్డు ఉండదు.
మెత్తటి సోఫాల కూసొని
రోడ్డు ముచ్చట ఎవలో చెప్తుంటె విన్నట్టు ఉంటది.
ఎకోల అట్ల కాదు,
రాయి తగిలితె రాయి తగిలినట్టే.

సేటు పేరు ఖల్ఫాన్. డెబ్బయ్యేండ్లు.
దిశ్‌దాషా మీద ముడత కనవడితె
ఆ పూట సలాం తీసుకోడు.
నిరుడు రంజాన్ అయినంక
పెండ్లి బట్టలు జల్ది ఇచ్చేది ఉండె,
పెద్ద బండి కొడుకు పట్కపోయిండు.
తానే వచ్చి నా పక్కన కూసున్నడు,
ఒళ్లె పెండ్లికొడుకు బిష్త్, జరీ అంచుది.
సగం కిటికి నుంచి వేడిగాలి.
పెద్దాయన ఉన్నడని మెల్లగ పోతున్న.
"ఏం, బండికి జ్వరమా?" అన్నడు హిందీల.

సరే అని మూడోది ఏసిన.

మొదటి మలుపుకు పైన పిడి పట్టుకున్నడు.
రెండోదానికి టోపీ తీసి బిష్త్ మీద పెట్టిండు.
నాలుగోదానికి ఓరగా ఆయన కాళ్లు చూసిన,
లేని క్లచ్చి తొక్కుతున్నడు,
నేను తొక్కినప్పుడే,
ఒక్కోసారి నాకంటె ముందే.

దిగినంక ఒక్క మాట లేదు.
పోయింది నౌకరి, అనుకున్న.
గడ్డం తుడుచుకున్నడు. ఫోను చూసుకున్నడు,
పెండ్లోల్లయి ఏడు కాల్లు.
ఫోను జేబుల ఏసి
రౌండబౌట్ దిక్కు వేలు చూపిచ్చి
"మర్రా సానియా" అన్నడు.
ఇంకోసారి.

పెండ్లింట్ల వెనుక అర్రల
పదకొండు దిశ్‌దాషాలకు మళ్ల ఇస్త్రీ పెట్టిన.
నీళ్లు సేటే చిలకరిచ్చిండు.
ముడతలెట్ల పడ్డయని
పెండ్లికొడుకు మేనమామ గరమయితె
"రోడ్డు మంచిగ లేదు" అన్నడు,
నా మొకం చూడకుంట.

అద్దం లెక్క ఉంటది ఆ రోడ్డు.