ఒకటి తక్కువ

పోర్తోలో, నది వైపు దిగే వీధిలో
కొట్టు ముసలాయన నల్ల ఏప్రాన్లు పరిచాడు.
"మరక కనబడదమ్మా."
కనబడాలి, అన్నాను.
కనబడకపోతే ఎవరు ఉతుకుతారు?

పాలిస్టర్ వద్దు.
జుల్మీరా మోచేతి మీద
పోయిన చలికాలపు నూనె ఇంకా మెరుస్తోంది.
నిప్పు తగిలితే నూలు మాడి ఊరుకుంటుంది,
అది కరిగి ఒంటిని కరుచుకుంటుంది.

వడ్డించే కుర్రాళ్ళకి నడుం దగ్గర్నించి చాలు,
జేబులో పెన్నూ, సీసా మూత తీసేదీ పట్టాలి.
చేపలు కోసే జసింతుకి మోకాలు దాటాలి.

బిల్లు రాయబోతుంటే లెక్కలో ఒకటి తక్కువ.
గిన్నెలు తోమే అమాదేవు.
పదకొండేళ్ళుగా ఎవరో విడిచిందే కట్టుకున్నాడు.

ఫోన్ చేశాను. నీళ్ళ చప్పుడు.
"నీకెలాంటిది కావాలి?"
కుళాయి కట్టేశాడు.
చాలాసేపటికి,
"మెడకి తగిలించేది వద్దు దోనా గ్రసియెత్,
సాయంత్రానికి తడిసి రాయైపోతుంది.
భుజాల మీంచి వెనక ఇంటూ గుర్తులా వేసేది
ఉంటుందట కదా."

ఉంది. కాస్త ఖరీదు.
ముసలాయన టేపు విప్పుతూ
"మనిషి వెడల్పెంత?" అన్నాడు.
చేతులు చాపి చూపించబోయి
ఆగిపోయాను.