ఉత్తరపు వంతెన ఏమాయె

అంగట్ల రెండు మేకపిల్లలను నిలబెట్టినట్టు
దిలీప్ గల్లా మీద రెండు అట్టపెట్టెలు పెట్టిండు.
సిరొంచ బస్టాండు ఎదురుంగ, ఏప్రిల్ పగటీలి,
ఫ్యాను కరెంటు కోసం ఎదురుచూస్తున్నది.
పండ్లు చూసినట్టు నేను స్లాట్లు చూసిన.

ఇది హెచ్, ఇది బి, అన్నడు.
హెచ్‌కు ర్యాము గూళ్లు రెండు. బి కి నాలుగు.
హెచ్ మీద పుల్లంత డిస్కుకు ఒక్కటే చోటు,
బి మీద రెండు, కప్పుకోను అల్యూమినియం దుప్పటి.
మధ్యల నాలుగు వేలు.
నాలుగు వేలంటే ఎన్ని దాఖలాలో లెక్క కట్టవోయి
సగంల ఆపిన.

చిప్‌సెట్ అంటే ఏంది తమ్మీ?
తెలిసే అడిగిన. వాడు చెప్తుంటే వినబుద్ధైతది.
మడావి దిలీప్‌కు ఇంట్ల గోండి, బడిల మరాఠీ, బేరానికి తెలుగు.
"పాత బోర్డుల మీద రెండు వంతెనలుండె అక్కా,
ఉత్తరపుదొకటి, దక్షిణపుదొకటి.
ఉత్తరపుది ప్రాసెసర్ కడుపుల కలిసిపోయింది.
మిగిలిన ఒక్కదాన్నే చిప్‌సెట్ అంటున్నరు."

నవ్వొచ్చింది.
నా కొట్టు పేరు సేతు. సర్కారు పెట్టిన పేరు.
బోర్డు మరాఠీల, లోపల మాట తెలుగుల.
ప్రాణహిత మీద, గోదారి మీద వంతెనలు లేనప్పుడు గూడ
నాది వంతెనే.
పడవ దిగి, తడిసిన కుచ్చిళ్లు గడపల పిండుకొని
కాయిదాలు మాత్రం కవర్ల పొడిగ తెచ్చేటోళ్లు.

నిన్న దుర్గం లస్మక్క వచ్చింది.
నోట్ల లస్మక్క, ఆధార్ల లక్ష్మీబాయి, బ్యాంకుల లచ్మి.
ముగ్గురికి కలిపి ఒకటే పింఛను,
ముగ్గుర్ల ఎవ్వరికీ వస్తలేదు.
ఆమె చెప్పింది విని, మరాఠీల కొట్టి
ముంబై దిక్కు తోలెటాల్లకు
తెర నల్లవడ్డది.
మూత తీస్తే కెపాసిటర్లు
తొలివానకు లేచిన పుట్టకొక్కులోలె ఉబ్బున్నయి.
"పోయింది పెట్టెనా బిడ్డా, నా పేరా?" అన్నది లస్మక్క.

దిలీప్ ఇంకా చెప్తున్నడు.
హెచ్‌కు దారులు తక్కువ,
స్కానరు, కెమెరా, వేలిముద్రల మిషను
అన్ని ఆ ఒక్క వంతెన మీదికెల్లి రావాలె.
ఆటలాడేటోళ్లకైతే బి నే.
నా దగ్గర ఆటల్లేవు.
నా తొవ్వల నడిచేటియి బొటనవేళ్లు,
తునికాకు తెంపి తెంపి గీతలరిగినయి,
మూడుసార్లు ఒత్తితే ఒకసారి పలికేటియి.

పెట్టెలు తిప్పి వీపులు చూసిన.
హెచ్‌కు ఊదారంగు గుండ్రటి రంధ్రమున్నది,
బి కి లేదు.
ఆ రంధ్రానికే నా పాత కీబోర్డు.
మీటల మీద మరాఠీ అచ్చు అరిగిపోతే
గోళ్లరంగుతోని తెలుగుల దిద్దుకున్న.
ళ ఒక్కటి దిద్దలే.
అది రెండు భాషలకూ ఉన్నది, వేలికి దాని జాగ తెలుసు.
అందుకే హెచ్, అనవోయిన.
"అడాప్టర్ దొరుకుతది అక్కా, ఎనభై రూపాలు."
ఎనభై రూపాల కాడ నా వాదం కూలింది.

బి కట్టుమన్న.
నాలుగు గూళ్లకు ఆశపడి గాదు,
రెండు ఖాళీగనే ఉంటయి, ఉండనీ.
కరెంటు పోసుకునే తావుల హెచ్‌కు ఒంటిమీద ఏం లేదు.
ఈ ఎండ, ఈ వోల్టేజీ నాకెరుక.
సగం పైసలిప్పుడు, సగం ఆకు పైసలు ఊర్ల వడ్డంక.

పొద్దుగూకినంక మీట నొక్కిన.
ఒక్క కూత. నీలం తెర.
తారీకు తప్పు చూపించింది, దిద్దిన.
భాష ఎంచుకోమన్నది.
పట్టీ కింది దాకా జరిపిన, మల్ల పైకి జరిపిన.
తెలుగు లేదు. మరాఠీ గూడ లేదు.
కానీ, ఆ పని నాది.

బెంచీ మీద లస్మక్క పొద్దుటి సంది కూసున్నది.
ఈసారి అన్నిట్ల ఒక్కటే పేరు రాస్త పెద్దమ్మా, అన్న.

ఏది, అన్నది.