నిలువు ముందు

శిలువ తేలిక పనే అనుకుంటరు అందరూ.
రెండు గీతలు, ఇరవై నిమిషాలు.
చిలకలగూడలో సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం మీద
నా గదికి మెట్లెక్కుతూనే
మోచేతి మడత దగ్గరో, మెడ వెనకో
వేలితో గీసి చూపిస్తరు.

నేను చర్మం సాగదీసి పట్టుకుని
కాసేపు ఊరికే చూస్త.
మనిషి ఒంటి మీద తిన్నని చోటు లేదు.
ఊపిరి పీలిస్తే చాలు, నిలువు వంగుతది.

లాలాగూడ వర్క్‌షాపు ఫిట్టర్ కరుణాకర్‌కి
మూడు మేకులు కలిపి కట్టినట్టుండే శిలువ కావాలె.
మేకుల తలలు గుండ్రంగా వద్దన్నడు.
"పట్టాకి దిగగొట్టినవి చూసినవా,
అట్ల, సుత్తి దెబ్బ తిన్నట్టు."
ముప్పయ్యేళ్లు ఇనుము కొట్టిన మనిషి,
మేకుల సంగతి ఆయనకు నేను చెప్పాల్నా.

ఇంజనీరింగ్ పోరడొకడు ఫోన్‌ల బొమ్మ పెట్టి
తీగలు తీగలుగా అల్లుకున్న ఐర్లండు శిలువ అడిగిండు.
అర్థమేందిరా అంటే
"భుజం మీద మస్తుంటది అన్నా."
అదీ అర్థమే.

ఇంకొకామె తన పేరు చెప్పలె.
మణికట్టు మీద మాత్రం ఒక పేరుంది, 'సుధీర్'.
దాని మీద శిలువ కప్పమంది.
'ధీ' మూసుకుపోయేటంత లావు చెయ్యాల్సొచ్చింది.
ఇప్పటికీ వెలుతురు పక్కనుంచి పడితే
కొయ్య లోపల ఒక గుడి కనిపిస్తది.

మా నాయన నంబరు ప్లేట్లు రాసేటోడు.
"టీ రాయాల్నంటే నిలువు ముందు రా, అడ్డం తర్వాత.
నిలబడ్డదానికే కదా చేతులు పెడ్తం."

మే నెల, కరెంటు పోయి వచ్చినంక
ఆ పిల్ల వచ్చింది.
మెట్టుగూడ క్వార్టర్ల వెనక బస్తీ.
చర్చిల కెజియా, సర్టిఫికెట్‌ల లక్ష్మీప్రసన్న.
వచ్చే నెల వెరిఫికేషన్.
"శిలువ కనబడితే కులం పోతదన్నా,
కులం పోతే ఉద్యోగం పోతది.
వాడ పేరు మాత్రం
ఏ చర్చికి పోయినా పోదు."
నవ్వుకుంటనే అన్నది.

పక్కటెముకల మీద వేస్తనన్న. వద్దంది.
తెల్ల ఇంకు ఉందన్న.
దాక్కునే రంగు నాకెందుకంది.
వాళ్ల నాయనమ్మ సువార్తమ్మకి
ముంజేతి మీద పచ్చబొట్టు తేలు ఉండేదట,
మిషను ఆసుపత్రిల ఆయాగా చేరకముందు
సంతల సూదులామె పొడిచింది.
బాప్తిస్మమిచ్చిన అయ్యగారు
చెరుపుకొమ్మంటే
"నీళ్లకే పోనిది నీ మాటకు పోతదా" అన్నదట ముసలామె.

"నిలువు ఒక్కటి వెయ్యి.
అడ్డం, ఆర్డర్ చేతికొచ్చినంక."

వేసిన.
మణికట్టు లోపల, నాడి కొట్టుకునే చోట
అంగుళమున్నర.
ఏ ఆఫీసరు చూసినా అది గీతే,
పెన్ను జారిందేమో అనుకుంటడు.

నెత్తుటి చుక్క తుడవకముందే
కుడిచేతి చూపుడువేలు దాని మీద అడ్డంగా పెట్టి చూసుకుంది.
కొంచెం పైకి జరిపింది.
"ఆదివారాలకు ఇది చాలు."

సగం పనికి సగం పైసలే అని బేరం.
సరే అన్న.
ప్లాస్టిక్ కాగితం చుట్టి, మూడు రోజులు
సబ్బు తగలనీయకని చెప్పి పంపిన.

ఆ రాత్రి ఖాతా పుస్తకంల రాసుకున్న:
కెజియా. బాకీ, ఒక అడ్డగీత.
మళ్ల పుస్తకం ఎవరి చేతిల పడ్తదో అని
పేరు కొట్టేసిన.
బాకీ అట్లనే ఉంది.