నెత్తుటి రంగు

ఉరుగ్వే నది ఒడ్డున, మూతబడ్డ మాంసం ఫ్యాక్టరీలో
రాత్రి షూటింగ్. కొక్కేలన్నీ ఖాళీ.
రూబెన్ బీట్‌రూట్ రసంలో తేనె కలిపి
బకెట్టు నిండా నెత్తురు తెచ్చాడు.

డైరెక్టర్ నెరేయా వేలు ముంచి చూసింది:
"మరీ ఎర్రగా ఉంది. పండగ రంగులా.
కాస్త కాఫీ పొయ్. అంచులు గోధుమరంగుకి తిరగాలి,
నడిమధ్య మాత్రం తడి ఆరకూడదు."

"ఎక్కడ చూశావింత వివరంగా?"

కుట్టుమిషను దగ్గర ఎల్బా ముసిముసిగా నవ్వింది.
క్లాప్ కొట్టే పిల్ల నవ్వింది.
దయ్యం వేషంలో ఉన్నావిడైతే
కోరలు ఊడొచ్చేలా నవ్వింది.

రూబెన్ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వచ్చే చలికాలానికి సినిమా. గౌను రేపటికే కావాలి.
"చల్లనీళ్లలో నానాలమ్మా, వేణ్నీళ్లు పనికిరావు" —
ఎవరో పన్నెండేళ్ల పిల్లకి చెప్పినట్టు
ఎల్బా ఆ తెల్లబట్టకి చెబుతోంది.